మిల్లీమీటరులో ఏడో వంతు

మా సారు తన పరిశోధన జీవితంలో ఎక్కువ కాలం ఒక నీటిపొర వెంటే నడిచారు. చల్లని రాగి గొట్టానికి ఆవిరి తగిలితే నీరుగా మారి, గొట్టాన్ని అంటిపెట్టుకుని కిందికి జారుతుంది. ఆ పొర. మీటరు పొడవున్న గొట్టాన్ని నిలువుగా పెట్టి, చుట్టూ 100 డిగ్రీల ఆవిరి నింపి, గొట్టం గోడను 90 డిగ్రీల దగ్గర నిలిపితే, అడుగుకు చేరేసరికి కూడా ఆ పొర మందం దాదాపు 0.14 మిల్లీమీటర్లే. అంటే మిల్లీమీటరులో ఏడో వంతు. ఆవిరి తనలోని వేడిని వదలాలంటే ఆ పొరను దాటించి వదలాల్సిందే. బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రంలో టర్బైను తిప్పి వచ్చిన ఆవిరి మళ్లీ నీరయ్యేది ఇలాంటి పొర మీదే. దాని మందం కాస్త తగ్గినా పెరిగినా ఎన్ని టన్నుల బొగ్గు లెక్క మారుతుందో సారు మాకు నల్లబల్ల మీద వేసి చూపించేవారు.

ఆయన పేరు రాయడం లేదు. తన పేరు నలుగురిలో వినపడటం ఆయనకు ఎప్పుడూ నచ్చలేదు. ఆయన దగ్గర చదివినవారు నాలుగు వాక్యాలు చదవగానే పోల్చుకుంటారు.

నేను 1980ల నడిమి సంవత్సరాల్లో వరంగల్ ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలలో ఎం.టెక్. చదివాను. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన కళాశాల అది. ఇప్పుడు ఎన్ఐటీ అంటున్నారు, మా నోటికి మాత్రం ఆర్.ఈ.సి. అనే వస్తుంది. హీట్ ట్రాన్స్‌ఫర్ ల్యాబులో ఒక మూల సారు పరికరం ఉండేది. చిన్న ఎలక్ట్రిక్ బాయిలరు, అక్కడి నుంచి తాడు చుట్టిన ఆవిరి పైపు, నిలువెత్తు స్టీలు గది, దానికి గాజు కిటికీ, లోపల రాగి గొట్టం. గొట్టం లోపలి నుంచి చల్లని నీరు పారుతుంది, బయట ఆవిరి నీరవుతుంది. గొట్టం గోడలో సన్నని గాడులు తీసి, అందులో ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ తీగలు పరిచి, పైన టంకం పోసి మళ్లీ నున్నగా రుద్దారు. ఆ పని చేసింది మా వర్క్‌షాపు మేస్త్రీగారు. గోడ ఉష్ణోగ్రత నమ్మదగ్గదిగా వచ్చిందంటే అందులో సగం ఘనత ఆయన చేతిదని సారు ప్రతి కొత్త విద్యార్థికీ చెప్పేవారు. ప్రచురించిన పత్రాల చివర కృతజ్ఞతల్లో మేస్త్రీగారి పేరు తప్పనిసరిగా ఉండేది. అప్పట్లో అది నేను మరెక్కడా చూడలేదు.

హీట్ ట్రాన్స్‌ఫర్ ప్రయోగం చేసినవారికి తెలుస్తుంది, అందులో చేసే పని తక్కువ, కాచుకునే పని ఎక్కువ. బాయిలరు వేయగానే రీడింగు తీయడానికి వీల్లేదు. ముందు లోపల ఉన్న గాలిని వెళ్లగొట్టాలి. ఆవిరిలో గాలి కొంచెం మిగిలినా అది వచ్చి గొట్టం చుట్టూ పేరుకుంటుంది. ఆవిరి నీరైపోతుంది, గాలి ఎక్కడికీ పోదు, తెరలా అడ్డం నిలుస్తుంది. కదలిక లేని ఆవిరిలో బరువు లెక్కన అర శాతం గాలి ఉన్నా వేడి దాటడం సగానికి సగం పడిపోవచ్చు. అందుకే పై వాల్వు తెరిచి ఆవిరిని చాలాసేపు వృథాగా వదిలేవాళ్లం. ఆ తర్వాత కూడా అన్ని తీగల రీడింగులూ నిలకడకు రావాలి. రెండుసార్లు తీసిన అంకెలు ఒక్కటయ్యేదాకా సారు పెన్ను మూత తీసేవారు కాదు. "తొందరపడి తీసిన అంకె అబద్ధం కాదు నాయనా, కానీ అది మనం అడిగిన ప్రశ్నకు జవాబు కాదు" అనేవారు.

పగటిపూట వర్క్‌షాపు యంత్రాలు నడుస్తుంటే ఓల్టేజీ ఎగిరిపడేది. బాయిలరు హీటరు దానితోపాటే ఊగేది. అందువల్ల మా అసలు పని చీకటి పడ్డాక మొదలయ్యేది. థర్మోకపుల్‌కు రెండు కొసలుంటాయి. ఒకటి కొలవాల్సిన చోట, రెండోది సున్నా డిగ్రీల దగ్గర ఉండాలి. ఆ సున్నా కోసం మంచు కావాలి. కాజీపేట నుంచి గోనెసంచిలో ఊక కప్పి తెచ్చిన మంచుదిమ్మను చిన్న సుత్తితో పొడిగా కొట్టి, డిస్టిల్డ్ వాటర్ పోసి, ఫ్లాస్కులో నింపేవాళ్లం. మే నెలలో రాత్రి కూడా ల్యాబులో గాలి వేడిగా తగిలేది, ఆవిరి పైపు పక్కన అయితే చెప్పనక్కర లేదు. ఫ్లాస్కులో మంచు తరిగి నీరు ఎక్కువైతే సున్నా సున్నాగా ఉండదు. గంటకోసారి మూత తీసి చూసే బాధ్యత నాది.

ఇంకొక నియమం ఉండేది. రీడింగుల పుస్తకంలో పేజీ పైన తేదీ తర్వాత మొట్టమొదట రాయాల్సింది బారోమీటరు రీడింగు. వరంగల్ సముద్రమట్టానికి సుమారు 270 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పీడనం కాస్త తక్కువ కాబట్టి నీరు 99 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. వానాకాలపు అల్పపీడనం రోజుల్లో ఇంకాస్త దిగుతుంది. ఒక్క డిగ్రీకి ఇంత పట్టింపా అని కొత్తవాళ్లు అనుకునేవారు. ఆవిరికీ గోడకూ మధ్య తేడాయే 10 డిగ్రీలైనప్పుడు, అందులో ఒక డిగ్రీ తప్పితే 10 శాతం తప్పినట్టే.

అన్నిటికన్నా ఆయన పట్టుబట్టేది వేడి లెక్క సరిచూడటం. గొట్టంలో నిమిషానికి 10 లీటర్ల నీరు పారుతూ 4 డిగ్రీలు వేడెక్కిందనుకుందాం. అది సుమారు 2.8 కిలోవాట్లు. కిలో ఆవిరి నీరైతే 2257 కిలోజౌళ్లు వదులుతుంది కాబట్టి, నిమిషానికి దాదాపు 74 గ్రాముల నీరు గొట్టం కింద కొలజాడీలోకి చేరాలి. ఒకరు స్టాప్‌వాచీ, ఒకరు జాడీ పట్టుకునేవాళ్లం. ఆవిరి ఇచ్చిన వేడి, నీరు తీసుకున్న వేడి 5 శాతం లోపల కలిస్తేనే ఆ రాత్రి పని లెక్కలోకి వచ్చేది. లేకపోతే పేజీ మీద అడ్డంగా ఒక గీత. కానీ ఆ పేజీని చింపనిచ్చేవారు కాదు. ఎందుకు కలవలేదో పక్కన రాయమనేవారు. 4 డిగ్రీల తేడాలో థర్మామీటరు పదో వంతు డిగ్రీ తప్పితే అదే రెండున్నర శాతం అని, అందుకే రెండు థర్మామీటర్లనూ ఒకే నీటిలో ముంచి ముందు వాటి మధ్య తగవు తీర్చమని చెప్పేవారు. నేటికీ ఎవరైనా వేడికి సంబంధించిన ఫలితం చూపిస్తే నా చూపు ముందు ఈ లెక్క మీదికే పోతుంది. అది లేని రిపోర్టును నేను నమ్మను.

కాచుకునే ఆ గంటల్లో ఆయన చెప్పే కబుర్లే నాకు దొరికిన అసలు చదువు. తరగతిలో రెనాల్డ్స్ సంఖ్య అంటే ప్రవాహపు ఊపుకూ జిగటకూ మధ్య ఒక నిష్పత్తి, పరీక్షలో ఐదు మార్కులు. ల్యాబులో ఆయన చెప్పిన రెనాల్డ్స్ వేరు. 1883లో మాంచెస్టర్‌లో ఆస్బర్న్ రెనాల్డ్స్ నీటితొట్టిలో బూరమూతి గాజుగొట్టం పెట్టి, రంగునీటి ధారను వదిలి, ఆ గీత ఎప్పుడు చెదురుతుందో చూశాడు. మామూలుగా ఆ సంఖ్య రెండు వేలు దాటాక చెదిరే ప్రవాహాన్ని ఆయన ఎంతో జాగ్రత్తతో 13,000 దాకా చెదరకుండా నిలిపాడు. తర్వాతి కాలంలో అదే పరికరంతో అంత అంకె రాలేదు. ఊళ్లో వాహనాల రాకపోకలు పెరిగి నేల అదరడమే కారణమన్నారు. సారు ఇది చెప్పి, "పరికరం ఒక్కటే ప్రయోగం కాదు, దాని చుట్టూ ఉన్న ఊరు కూడా ప్రయోగమే" అన్నారు. మేము రాత్రి పని చేయడానికి ఓల్టేజీ ఒక్కటే కారణం కాదని నాకు అప్పుడు అర్థమైంది.

ఆయన మనసుకు బాగా దగ్గరి కథ మాత్రం కపిత్సాది. అది చెప్పాలంటే ముందు నుసెల్ట్ గురించి చెప్పాలి. జర్మనీకి చెందిన విల్‌హెల్మ్ నుసెల్ట్ 1916లో ఈ నీటిపొరను కాగితం మీద లెక్కగట్టాడు. పొర అలజడి లేకుండా జారుతుంది, దాని బరువును జిగట ఆపుతుంది, వేడి పొరకు అడ్డంగా తిన్నగా దాటుతుంది. ఈ మూడు ఊహలతో వచ్చిన సూత్రం ఇన్నేళ్లయినా పాఠ్యపుస్తకాల్లో నిలిచే ఉంది. నిలువు గోడకు అందులోని గుణకం 0.943. కానీ ప్రయోగం చేస్తే వేడి దాదాపు 20 శాతం ఎక్కువగా దాటుతుంది. అందుకని ఇంజినీర్లు ఆ గుణకాన్ని 1.13గా వాడతారు. మేము పరీక్షల్లో రెండింటినీ బట్టీ పట్టి రాసేవాళ్లం. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందని ఒక రాత్రి సారు అడిగారు. ఎవరం మాట్లాడలేదు. గాజు కిటికీ దగ్గరికి పిలిచి, వెనక టార్చిలైటు పట్టుకుని, వాలుగా చూడమన్నారు. గొట్టం మీద పొర నున్నగా లేదు. సన్నని అలలు ఒకదాని వెనక ఒకటి కిందికి దిగుతున్నాయి. అల ముందూ వెనకా పొర పలుచబడుతుంది, లోపలి నీరు కలియబడుతుంది, వేడి ఎక్కువగా దాటుతుంది. "నా ఉద్యోగమంతా ఆ ఇరవై శాతంలోనే ఉందయ్యా" అన్నారు. అలా అంటున్నప్పుడు ఆయన గొంతులో ఉన్న సంతోషం ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఆ అలలను మొదట శ్రద్ధగా చదివినవారిలో ముఖ్యుడు ప్యోత్ర్ కపిత్సా. రష్యాలో పెద్ద భౌతిక శాస్త్రవేత్త, అతిశీతల ఉష్ణోగ్రతల్లో హీలియం మీద చేసిన పనికి పేరు పొందినవాడు. 1946లో పాలకుల ఆగ్రహానికి గురై తన సంస్థ నుంచి తొలగింపబడ్డాడు. మాస్కో బయట నికోలినా గోరాలో ఉన్న తన ఇంట్లోనే ఉండిపోవాల్సి వచ్చింది. పెద్ద యంత్రాలు లేవు, సహాయకులు లేరు. ఇంట్లోనే చిన్న ప్రయోగశాల పెట్టుకుని, పలుచటి నీటిపొరలు జారేటప్పుడు అలలు ఎందుకు పుడతాయో పరిశీలించాడు. 1948లో సిద్ధాంతం, 1949లో కొడుకు సెర్గేయ్‌తో కలిసి చేసిన ప్రయోగాలు అచ్చయ్యాయి. 1978లో నోబెల్ బహుమతి వచ్చింది, అయితే అది అతిశీతల ఉష్ణోగ్రతల మీద చేసిన పనికి. సారు ఈ కథ చెప్పినప్పుడల్లా నోబెల్ గురించి ఒక్క మాటతో ముగించి, ఇంట్లో పెట్టుకున్న ప్రయోగశాల దగ్గర చాలాసేపు ఆగేవారు. నిధులు రాక మా ల్యాబులో కొత్త పంపు కొనలేకపోయిన సంవత్సరం ఆ కథను మరింత తరచుగా చెప్పారు. ఆ ఏడాదే మేస్త్రీగారు పాత పంపుకు కొత్త షాఫ్టు తిప్పి ఇచ్చారు. పని ఆగలేదు.

ఒకసారి కిటికీలోంచి చూస్తే పొర లేదు. గొట్టమంతా చుక్కలు. ముత్యాల్లా పుట్టి, పెరిగి, ఒకదానితో ఒకటి కలిసి, జారుతూ దారిలో ఉన్నవాటిని ఊడ్చుకుపోతున్నాయి. వెనకాల రాగి మెరుస్తూ కనిపిస్తోంది, అంతలోనే మళ్లీ చిన్న చుక్కలు. అంత అందమైన దృశ్యం ల్యాబులో నేను మరొకటి చూడలేదు. రీడింగు తీస్తే వేడి దాటే వేగం మామూలుకన్నా ఎన్నో రెట్లు ఉంది. రాగికి ఎక్కడో ఏదో జిడ్డు అంటి నీరు తడవలేకపోతోందని సారు చూడగానే చెప్పారు. జర్మనీలో ష్మిట్, ఆయన సహచరులు 1930లోనే దీన్ని గుర్తించి రాశారని, అప్పటి నుంచి ఎందరో ఈ చుక్కలను శాశ్వతంగా నిలపాలని ప్రయత్నించారని, జిడ్డు కడుక్కుపోగానే గొట్టం మళ్లీ పొరకే తిరిగి వస్తుందని, అందుకే విద్యుత్ కేంద్రాలు పొరనే నమ్ముకుని గొట్టాల లెక్క వేస్తాయని వివరించారు. మమ్మల్ని తనివితీరా చూడనిచ్చారు. తానూ చూశారు. తర్వాత బాయిలరు ఆపించి, గొట్టం బయటికి తీసి కడగమన్నారు.

ఆదివారాలు కొన్నిసార్లు వారింటికి టిఫినుకు పిలిచేవారు. అమ్మగారు పెనం కాలిందో లేదో చూడటానికి నీళ్లు చిలకరిస్తే, చుక్కలు ఆవిరైపోకుండా పెనమంతా పరుగులు తీసేవి. చుక్క కింద పుట్టిన ఆవిరే దాన్ని పెనానికి అంటనివ్వక మోస్తుందని, లైడెన్‌ఫ్రాస్ట్ అనే వైద్యుడు 1756లో దీన్ని గ్రంథస్థం చేశాడని సారు చెప్పారు. "ఆయన రాయకముందు కూడా మేము అట్లు పోసుకున్నామండీ" అన్నారు అమ్మగారు. సారు అంత హాయిగా నవ్వడం నేను చూసిన సందర్భాలు తక్కువ.

అప్పుడే కంప్యూటర్ల గాలి మొదలైంది. మా సహాధ్యాయులు చాలామంది ప్రయోగాలు వదిలి ఫోర్ట్రాన్ ప్రోగ్రాముల వైపు వెళ్లారు. సారుకు అందులో కోపం లేదు. పైగా సుహాస్ పటాంకర్ అంటే ఆయనకు ఎంతో గౌరవం. పూణే ఇంజినీరింగ్ కళాశాలలో, తర్వాత బొంబాయి ఐఐటీలో చదివి, లండన్ ఇంపీరియల్ కాలేజీలో స్పాల్డింగ్ దగ్గర పరిశోధన చేసిన మనిషి. ఆ ఇద్దరూ 1972లో ఇచ్చిన సింపుల్ అనే పద్ధతి, ప్రవాహంలో వేగాన్నీ పీడనాన్నీ ఒకదానికొకటి సరిదిద్దుకుంటూ లెక్కించే దారి చూపింది. నేటి సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి మూలం అదే. పటాంకర్ లెక్కల్లో సారుకు నచ్చింది ఏమిటంటే, ఆయన ప్రవాహాన్ని చిన్న చిన్న గదులుగా కోసి, ప్రతి గదిలోనూ వచ్చినదీ పోయినదీ సరిపోవాలని పట్టుబట్టడం. "మనం జాడీతో చేసేదే ఆయన ప్రతి గదిలోనూ చేస్తున్నాడు" అనేవారు. కంప్యూటరు పనికి వెళ్లే విద్యార్థి కూడా ముందు ఒక సెమిస్టరు ఆవిరి గది దగ్గర గడపాలన్నది ఆయన నియమం. ఈనాడు తెర మీద రంగురంగుల బొమ్మలు చూపించే పిల్లలను చూసినప్పుడు, ఆ ఒక్క నియమం ప్రతి కళాశాలలో ఉంటే ఎంత బాగుండునో అనిపిస్తుంది.

చదువు అయ్యాక నేను ఒక థర్మల్ విద్యుత్ కేంద్రంలో చేరాను. 210 మెగావాట్ల యూనిట్లు. అక్కడి కండెన్సరులో ఆవిరి 45 డిగ్రీల చుట్టుపక్కల నీరవుతుంది, ఎందుకంటే లోపలి పీడనం బయటి గాలి పీడనంలో పదో వంతే. ఆ శూన్యత కాస్త తగ్గినా యూనిట్ ఉత్పత్తి పడిపోతుంది. ఒక వేసవిలో అదే జరిగింది. గొట్టాల లోపల మకిలి పట్టిందని కొందరు, ఎక్కడో గాలి లోపలికి దూరుతోందని కొందరు. మకిలి తీయాలంటే లోడు తగ్గించాలి. గాలి వెతకాలంటే వందల అతుకులు. నేను సారుకు ఉత్తరం రాశాను. జవాబు కార్డు ముక్క మీద వచ్చింది. అందులో సలహా ఒక్కటీ లేదు, అన్నీ ప్రశ్నలే. కండెన్సరులోని గాలిని బయటికి లాగే ఎజెక్టరు నుంచి వస్తున్న గాలిని కొలిచారా? కింద చేరే నీరు, లోపలి పీడనానికి ఉండాల్సిన ఉష్ణోగ్రతకన్నా ఎంత చల్లగా ఉంది? ఎజెక్టరుకు వెళ్లే పైపు ఎంత చల్లగా ఉంది? మకిలి అయితే బయటికి వచ్చే గాలి పెరగదు. గాలి దూరుతుంటే పెరుగుతుంది, కింది నీరు ఉండాల్సినదానికన్నా చల్లబడుతుంది. కొలిచాం. గాలే. తర్వాత యూనిట్ ఆగినప్పుడు కండెన్సరు ఆవిరి వైపును నీళ్లతో నింపి చూస్తే, ఒక వాల్వు గ్లాండు దగ్గర, అంటే వాల్వు కాడ చుట్టూ బిగించిన చోట, నుంచి ధార బయటికి వచ్చింది. ల్యాబులో పై వాల్వు తెరిచి కాచుకున్న రాత్రులన్నీ నాకు ఆ కార్డులోనే కనిపించాయి. ఆ విషయం రాస్తే, వారం తిరగకుండా మరో కార్డు వచ్చింది. వేడి లెక్క ఎంత శాతంలో కలిసిందని అడిగారు.

ఆయన రిటైరైన తర్వాత పరికరాన్ని విప్పేశారు. సారు పోయాక అమ్మగారు పిలిచి, ఆయన గదిలో ఉన్న రీడింగుల పుస్తకాలు తీసుకెళ్లమన్నారు. అట్ట కట్టిన పొడుగు రిజిస్టర్లు. ప్రతి పేజీ పైన బారోమీటరు రీడింగు, కింద సంతకం పెట్టిన విద్యార్థుల పొడి అక్షరాలు. కొట్టేసిన పేజీలు కూడా అన్నీ ఉన్నాయి, పక్కన కారణాలతో సహా: "గాలి పూర్తిగా పోలేదు", "మంచు అయిపోయింది", "రాత్రి కరెంటు పోయింది". ఆయన శిష్యులం కొందరం కలిసి వాటిని కంప్యూటరులోకి ఎక్కిస్తున్నాం. నిలువు గొట్టం రీడింగులు పూర్తయ్యాయి. గ్రాఫు గీస్తే నుసెల్ట్ గీతకు పైనే చాలావరకు నిలిచాయి, పొర మీద అలలు ఉన్నట్టే. గీత కింద పడిన బిందువులను వెతికితే, ఒక్కొక్కదాని పక్కనా సారు దస్తూరీలో గాలి గురించిన మాటే ఉంది.

అడ్డంగా పెట్టిన గొట్టం మీద తీసిన రీడింగుల రిజిస్టర్లు మాత్రం ఇంటి దగ్గర దొరకలేదు. దానికి నుసెల్ట్ గుణకం అప్పట్లో 0.725 అని వాడేవాళ్లం. సారు ఆ పనిని నా తర్వాతి బ్యాచీలతో చేయించారని తెలుసు. ఆ రోజుల్లో ఆయన దగ్గర ప్రాజెక్టు చేసినవారి ఇళ్లలో, పాత పెట్టెల్లో, అటకల మీద అలాంటి రిజిస్టరు ఉంటే పారేయకండి. చివరి పేజీలు చిరిగిపోయినా ఫరవాలేదు. పేజీ పైన బారోమీటరు అంకె కనిపిస్తే చాలు, మిగతాది మేము లెక్క కట్టుకుంటాం.